మూడు సోమవారాల గడువు

మా పిన్ని చేసిన చివరి పని ఒక నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో చుక్క పెట్టడం. ఆ సోమవారం పదకొండు గంటల వేళ పనంతా అయ్యాక, ఏదో ఒకదాన్ని కంప్యూటర్లో మళ్ళీ తెరిచి చూసి, ఆ చుక్క పెట్టిందట. పెన్ను మూత బిగించి, "ఇవాళ్టికి అందరినీ పలకరించేశాను" అని పక్క బల్ల దగ్గరి అటెండరుతో అంది. కళ్ళజోడు తీసి పుస్తకం మీద పెట్టింది. మంచినీళ్ళ సీసా అందుకోబోతూ కుర్చీలోనే పక్కకి ఒరిగింది. ఆసుపత్రికి చేరేలోపే గుండె ఆగిపోయింది.

ఆ చుక్క ఏమిటో చెప్పాలంటే ఆమె ఉద్యోగం గురించి చెప్పాలి. సినిమా, మీడియా కోర్సులు నడిపే ఒక కాలేజీలో ఆమె లైబ్రరీ అసిస్టెంటు. సినిమా కాలేజీ అన్న పేరే కానీ, అక్కడున్న సినిమా పుస్తకాలు ఒకటిన్నర అర. మిగతా సగం అరలో పాత టెలిఫోన్ డైరెక్టరీలు ఉండేవి, పుస్తకాలు పక్కకి పడిపోకుండా. ఎడిటింగ్ మీద ఏమైనా ఉందా అని పిల్లలు అడిగితే, "ఉందమ్మా, ఒకటి. అట్ట ఇక్కడుంది. లోపలి కాగితాలు పోయినేడు ఎవరో పట్టుకెళ్ళారు" అని చెప్పి చెప్పి ఆమెకే సిగ్గేసింది. కిటికీ పక్కన ఎవరూ ముట్టని కంప్యూటరు ఒకటుంటే దుమ్ము దులిపి, ఈ చదువుకి పనికొచ్చేవి ఇంటర్నెట్టులో ఏం దొరుకుతాయో వెతకడం మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకి నలభై ఆరేళ్ళు. సినిమాకి వెళితే ఇంటర్వెల్ దాకా మెలకువగా ఉన్న దాఖలా లేదు.

మా బాబాయి ఊరుకునే మనిషి కాదు. "మీ పిన్నికి ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలీదు. వందేళ్ళనాటి సినిమా పత్రిక ప్రపంచంలో ఏ మూలనుందో మాత్రం కళ్ళు మూసుకుని చెబుతుంది" అనేవాడు.

"ఉప్పు డబ్బా రోజుకో చోట పెట్టేది మీరు. ఆ పత్రికలవాళ్ళకి మీలాంటి మొగుడు లేడు" అనేది ఆమె.

ఆమెకి దొరకనిది లేదు. పాత పత్రికల స్కాన్లు, హక్కుల గడువు తీరి ఎవరైనా చూడగలిగే మూకీ సినిమాలు, ఎక్కడెక్కడి విశ్వవిద్యాలయాలో పెట్టిన పాఠాలు, ఒక రిటైరైన కెమెరామన్ మనవరాలి చేత టైపు చేయించి పెట్టుకున్న లైటింగ్ నోట్సు. ప్రతిదానికీ నోటుపుస్తకంలో ఒక నంబరు, చిరునామా, పక్కన ఒకటి రెండు వాక్యాలు. "27. పాఠం బాగుంది. మాస్టారి దగ్గు భరించాలి." "41. మొదటి పది నిమిషాలు సొంత డబ్బా. తర్వాత బంగారం." ఆ వాక్యాలతో సహా పట్టీని లైబ్రరీ పేజీలో పెట్టేది. పిల్లలు ఆమెకి లింకులమ్మ అని పేరు పెట్టారు. చాటుగా పెట్టిన పేరే కానీ, ఏడాది తిరిగేసరికి ఫోనులో ఆమే "నేను లింకులమ్మని" అనడం మొదలుపెట్టింది.

మొదట్లో ఒక పెద్ద పొరపాటు చేసింది. సినిమా చరిత్ర మీద పదహారు భాగాల ప్రసంగాలు దొరికితే, పది విని, బాగున్నాయి కదా అని పట్టీకి ఎక్కించేసింది. పన్నెండో భాగంలో ఆ ప్రొఫెసరు, "నాలుగో భాగంలో నేను చెప్పింది తప్పు, సరిచేసుకోండి" అన్నాడు. పిల్లలూ అంతదూరం వెళ్ళలేదు. పరీక్షలో ముప్ఫై ఒక్కమంది అదే తప్పు, అవే మాటల్లో రాశారు. కాపీ కొట్టారని కాలేజీ అంతా గోల. పిన్ని తనంతట తానే క్లాసుకి వెళ్ళి నిలబడింది. "తప్పు వీళ్ళది కాదండీ. సగం విని సంతకం పెట్టిన నాది" అని లెక్చరర్ల ముందు చెప్పింది. ఆ తర్వాత చివరిదాకా చదవనిది, చివరిదాకా విననిది ఒక్కటి కూడా పట్టీలోకి రాలేదు. పదహారు గంటల పాఠమైతే పదహారు గంటలూ వినేది, దగ్గులతో సహా.

ఇక సోమవారాలు. ఇంటర్నెట్టులో ఇవాళ ఉన్నది రేపు ఉంటుందని లేదు. పేజీలు చెప్పాపెట్టకుండా మాయమవుతాయి. అందుకని ప్రతి సోమవారం ఉదయం తొమ్మిదింటికి కూర్చుని, ఒకటో నంబరు నుంచి ఆఖరి నంబరు దాకా ఒక్కొక్కటీ తెరిచి చూసేది. దాన్ని పలకరించడం అనేది. తెరుచుకోకపోతే ఆ నంబరు పక్కన ఒక ఎర్ర చుక్క, కింద తేదీ. అయినా వెంటనే కొట్టేసేది కాదు. మూడు సోమవారాలు గడువు.

"పోయినదాన్ని పోయిందనుకోక, ఇన్నిసార్లు చూడటం దేనికి?" అన్నాను ఒకసారి.

"తలుపు కొట్టగానే తీయకపోతే ఇల్లు ఖాళీ చేశారంటామా? స్నానానికి వెళ్ళారేమో."

మూడో చుక్క కూడా పడ్డాకనే స్కేలు పెట్టి ఎర్ర గీత గీసేది.

నేను లైబ్రరీలో ఉండగా ఒక రోజు ఒక అమ్మాయి ఏడుపు మొహంతో వచ్చింది. "ఇంటర్నెట్టంతా వెతికాను మేడమ్. ఏమీ లేదు."

"అంతా వెతికేశావా! నాకింకా ఈ వీధి కూడా పూర్తి కాలేదు. కూర్చో. ఏం కావాలి?"

"న్యూస్‌రీళ్ళ గురించి."

"న్యూస్‌రీళ్ళ గురించి ఏం?"

"అవీ... సినిమాకి ముందు వేసేవాళ్ళు కదా. జనం నిజంగా చూసేవాళ్ళా, బయట నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళా అని."

"అదీ ప్రశ్న. నువ్వు నోటితో చెప్పలేనిదాన్ని మిషను మాత్రం ఎక్కడని వెతుకుతుంది?"

అరగంటలో సరిగ్గా ఆ సంగతి మీదే ఒక పరిశోధన వ్యాసం దొరికింది. కానీ దానికి తాళం. చందా కట్టిన కాలేజీలకే తెరుచుకుంటుంది. అమ్మాయి మొహం మళ్ళీ వాడిపోయింది. పిన్ని ఆ పేజీ అడుగున ఉన్న రచయిత్రి ఈమెయిలు మీద వేలు పెట్టింది. "ఆవిడకి ఉత్తరం రాయి."

"నాకెందుకిస్తారు మేడమ్?"

"ఏళ్ళ తరబడి కూర్చుని రాసిందమ్మా. చదువుతానని ఒక్కళ్ళు అడిగితే చాలు, కాఫీ ఇచ్చి మరీ ఇస్తుంది."

నాలుగో రోజుకి ఆ వ్యాసం వచ్చింది, వెంట మరో మూడు వచ్చాయి.

నేను రాయడం మొదలుపెట్టింది ఆమెని చూసే. సినిమాల్లో మాటల వెనక వినిపించే చప్పుళ్ళ గురించి, అంటే చెప్పులు, తలుపులు, గిన్నెలు, వాన వీటి గురించి, చిన్న చిన్న వ్యాసాలు రాసి ఒక పేజీలో పెట్టేదాన్ని. ఆ పేజీకి పిన్ని పట్టీలో ఒక నంబరు పడాలి. నాకున్న ఆశల్లా అదే. పడితే పిన్నే చెబుతుందని, పట్టీ తెరిచి చూసుకునేదాన్ని కాదు. ఏడాది రాశాక ఉండబట్టలేక అడిగేశాను.

"అడిగించుకుని పెట్టే పట్టీ కాదే అది" అంది.

"అంటే నావి బాలేవా?"

"అది చదివేవాళ్ళు చెప్పాలి. పిన్నమ్మ చెబితే ఎవరు నమ్ముతారు? పట్టీలో ఎక్కానని తెలిస్తే మనిషి పట్టీ కోసమే రాస్తాడు. నేను ఎవరికీ చెప్పను."

నాకు మొదటి ముక్క ఒక్కటే వినపడింది. మూతి ముడుచుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఆమెతో అన్నీ మాట్లాడాను కానీ, ఆ పట్టీని మాత్రం తెరిచి చూడనే లేదు. పౌరుషం.

మరో నాలుగేళ్ళు రాశాను. వారానికి ముగ్గురో నలుగురో వచ్చేవాళ్ళు, వాళ్ళెవరో, ఏ దారిన వస్తున్నారో తెలిసేది కాదు. ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి, "పేజీ తీసేస్తున్నా పిన్నీ. ఎవరూ చదవడంలేదు" అన్నాను.

ఆమె బట్టలు మడతపెడుతోంది. "ముగ్గురు నలుగురన్నావుగా. వాళ్ళు ఎవరూ కాదా?"

"లెక్కలోకి వస్తారా వాళ్ళు?"

"ఉంటే ఉండనీరాదూ. నిన్నేమైనా అన్నం పెట్టమంటోందా అది?"

"నావల్ల కాదు. తీసేస్తే నాకు బరువు దిగుతుంది."

చేతిలో ఉన్న తువ్వాలు విప్పి మళ్ళీ మడతపెట్టింది. "నీ ఇష్టమమ్మా" అంది. ఆ వారమే తీసేశాను. ఆ తర్వాత ఆమె బతికింది రెండు సోమవారాలు.

నెల గడిచాక అటెండరు ఒక గుడ్డసంచీ తెచ్చి ఇచ్చింది. కళ్ళజోడు, స్కేలు, ఎర్ర పెన్ను, నోటుపుస్తకం. "మీకే ఇవ్వమన్నారు మీ బాబాయిగారు. ఇది ఎవరికి అర్థమవుతుంది అన్నారు" అంది. పుస్తకంలో రెండువందల పద్నాలుగు నంబర్లున్నాయి. ఒకటి నుంచి మొదలుపెట్టాను. మధ్యలో ఆపడం ఆమెకి గిట్టదు.

నూట అరవై మూడు దగ్గర నా పేజీ చిరునామా ఉంది. "సినిమా చప్పుళ్ళ మీద వ్యాసాలు. మొదటి మూడూ బడాయి. నాలుగోదాని నుంచి చెవులు తెరుచుకుంటాయి. చివరిదాకా చదివాను." చేర్చిన తేదీ చూశాను. నేను వెళ్ళి అడగడానికి ఐదు నెలల ముందుది.

పక్కన రెండు ఎర్ర చుక్కలున్నాయి. రెండో చుక్క కింద ఆమె చనిపోయిన సోమవారం తేదీ ఉంది. పుస్తకం చివరిదాకా చూశాను. ఆ తేదీతో ఉన్న చుక్క అదొక్కటే.