ఘోంఘాలో గాలి పడవకి పరీక్ష

గాలి ఊదితే పడవయ్యే వస్తువు మీద నాకు నమ్మకం లేదు. దాన్ని కొన్న మనిషి మీద అంతకన్నా లేదు. రెంటినీ ఒకే రోజున చూసి వద్దామని ఆ ఆదివారం బిలాస్‌పూర్‌లో బయలుదేరాను.

సంగతేమిటంటే, బ్యాంకులో పనిచేస్తున్న మా అమ్మాయి శిరీష పెళ్లంటూ చేసుకుంటే నరేందర్‌నే చేసుకుంటానంది. కరీంనగర్ కుర్రాడు, ఇక్కడి కరెంటు ప్లాంటులో ఇంజనీరు. "నాన్న సరే అంటేనే" అని కూడా అంది. ఆ ఒక్క మాటతో బరువంతా నా నెత్తిన పడింది. ఇంతలో ఆ నరేందర్ ఇద్దరు కూర్చునే గాలి పడవ కొన్నాడు. కయాక్ అంటారట. అందులో శిరీషను తిప్పుతానన్నాడు. ముందు నేనెక్కి చూస్తే గానీ మా పిల్ల ఎక్కదని చెప్పాను. రైల్వే క్యారేజీ షెడ్‌లో నా ఉద్యోగం ఏమిటనుకున్నారు? బోగీల బ్రేకు గొట్టాల్లో గాలి ఎక్కడ కారుతోందో పట్టుకోవడమే. సబ్బు నీళ్లు రాయడం, బుడగ వస్తే ఆపేయడం. గాలి సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

"మీరు పడవని సూడ్డానికెల్తన్నారా, ఆ గుంటడ్నా?" అంది మా ఆవిడ పార్వతి, పులిహోర డబ్బా సంచిలో పెడుతూ.

"రెండింటికీ లీకులుంటాయి. సూసొస్తాను" అన్నాను.

ఉదయం ఏడు దాటాక పెండ్రా వైపు పోయే లోకల్ ఎక్కాం, నేనూ శిరీషా. కారులో తీసుకెళ్తానని నరేందర్ అన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. ఇంకా సరే అనకుండానే వాడి కారెక్కితే సగం సరే అన్నట్టే కదా! ఈ దారిన వెళ్లదలచినవాళ్లు కుడివైపు కిటికీ పట్టుకోవద్దు, పొద్దుటి ఎండ నేరుగా మొహాన కొడుతుంది. ఉస్లాపూర్‌లో ఖాళీ కూరగాయల బుట్టలతో ఒక ముసలామె ఎక్కి, ఎక్కడికని అడిగింది. గాలి పడవ ఎక్కడానికని చెప్పాను.

"హవా కే డోంగా? కాంటా గడ్ జాహీ త?" అంది. గాలి పడవా, ముల్లు గుచ్చుకుంటే ఏం గతి అని. తెలివైన మనిషి. శిరీష మాత్రం మొహం తిప్పుకుంది.

గంటలోపే కర్గీ రోడ్ స్టేషన్‌లో దిగాం. ఊరి పేరు కోటా, స్టేషన్ పేరు మాత్రం కర్గీ రోడ్. బయట సమోసాలు వేడిగా ఉంటాయి, టీ మాత్రం పానకం. అక్కణ్ణుంచి ఘోంఘా జలాశయానికి ఆటో. ఎక్కే ముందే బేరం ఖాయం చేసుకోండి, తిరుగు ప్రయాణానికి వేచి ఉంటాడో లేదో కూడా.

నరేందర్ అప్పటికే కారులో వచ్చి ఒడ్డున ఉన్నాడు. కాపలా మనిషిని అడిగాడట, ఒడ్డు విడిచి దూరం పోకండని, లైఫ్ జాకెట్లు విప్పకండని చెప్పాడట. ఈ "అట"లన్నీ నేను మళ్లీ వెళ్లి ఆ కాపలా మనిషినే అడిగాను. నిజమే.

పడవ పెద్ద సంచిలో మడతపెట్టి ఉంది. ఒకడు మోయగలడు గానీ నడుం పట్టేస్తుంది, ఇద్దరు మోస్తే మేలు. చేతి పంపుతో గాలి కొట్టడానికి టీ తాగినంతసేపు పట్టింది. పంపు మీది మీటరులో ముల్లు గుర్తు దగ్గరికి రాగానే నరేందర్ ఆపేశాడు. బొటనవేలితో నొక్కి చూశాను.

"ఇంకా కొట్టు బాబూ. మెత్తగుంది."

"సాలు అంకుల్. ఎక్కువైతే అతుకులు ఊడుతయి."

అచ్ఛా! తక్కువ కొట్టి, ఎక్కువైతే ఊడుతుందనడమా? లీకున్న సరుకు అమ్మేవాళ్ల మాట కూడా ఇదే. సంచిలోంచి సబ్బు తీసి, నీళ్లలో కలిపి అతుకులన్నిటికీ రాశాను. ఒక్క బుడగ రాలేదు. అనుమానం ఇంకా పెరిగింది.

"మీరు ముందల కూసోండ్రి. మీరెట్ల తెడ్డేస్తే నేనట్లేస్త" అన్నాడు.

ఇక పడవ సంగతి. కూర్చోవడానికి బాగుంది, వీపుకి ఆనుడు ఉంది. తెడ్ల నుంచి కారిన నీళ్లతో ప్యాంటు తడుస్తుంది, మార్చుకోవడానికి బట్టలు ఉండాలి. ముందువాడు లయ తప్పితే వెనకవాడి తెడ్డు తగులుకుంటుంది. గాలి వీస్తే పడవ పక్కకి కొట్టుకుపోతుంది, కాబట్టి పొద్దున్నే దిగాలి. తిరగబడుతుందేమోనన్న భయం మాత్రం లేదు. ఈ చివరి మాట రాయడం నాకు ఇష్టం లేదు.

వెనక వాడు నిజంగా తెడ్డు వేస్తున్నాడా, నా చేతే లాగిస్తున్నాడా అని తిరిగి చూశాను. చూసినప్పుడల్లా పడవ అటే తిరిగింది. ప్రతిసారీ అతను విసుక్కోకుండా దాన్ని సరిచేశాడు.

"పాపా! ఆగే దేఖో నా!" అని ఒడ్డు నుంచి శిరీష అరిచింది, నన్ను ముందుకి చూడమని.

ఒడ్డుకి వచ్చేసరికి పడవ మరింత మెత్తబడింది. లీకు! నీళ్లు చల్లన కదా, లోపలి గాలి ముడుచుకుంటదని అతనన్నాడు. పైగా బయట వేడికి ఉబ్బుతదంటూ పడవని చెట్టు నీడకి లాగి, ఇంకాస్త గాలి తీశాడు. దొంగ చేతులారా సాక్ష్యం చెరిపేస్తున్నట్టు కనిపించింది నాకు. తర్వాత వాళ్లిద్దరూ కారులో పెట్టిన పులిహోర డబ్బా తేవడానికి వెళ్లారు.

నేనొక్కణ్ణే మిగిలాను. మా షెడ్‌లో నిండా గాలి నిలవనిదే బండి కదలనివ్వం. ఈ పడవలో మధ్యాహ్నం ఎక్కబోయేది నా కూతురు. దాన్ని ఎండలోకి లాగి, పంపు తగిలించి, పక్క గొట్టం మద్దెలలా మోగేదాకా కొట్టాను. ముల్లు గుర్తు దాటింది. దాటనీ! లీకుంటే ఇప్పుడు బయటపడుతుంది అనుకుని, పంపు అలాగే వదిలి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను.

ఢాం!

పరుగున వచ్చేసరికి పడవ పక్క గొట్టం నిలువునా విచ్చుకుని ఉంది. నాకన్నా ముందు నరేందర్ చేరాడు. తగిలించి ఉన్న పంపుని చూశాడు, నన్ను చూశాడు. పంపు పీకి సంచిలో పడేశాడు. పులిహోర డబ్బాతో శిరీష అప్పుడు వచ్చింది.

"ఏటైంది?"

"నాదే తప్పు. ఎండల పెట్టి మర్సిపోయిన" అన్నాడు నరేందర్.

సిగ్గేసింది, నిజం చెప్తున్నాను, తల ఎత్తలేకపోయాను. శిరీష ఒక్కసారైనా నీళ్ల మీదికి వెళ్లకుండానే పులిహోర తిని లేచాం.

సాయంత్రం లోకల్‌లో జనం ఎక్కువ, ఇద్దరికీ సీటు దొరకడమే గొప్ప. కల్మీటార్ స్టేషన్ దాటేదాకా ఓపిక పట్టాను. సిగ్గు తగ్గేకొద్దీ అనుమానం లేచింది. ఇక ఆగలేదు.

"అమ్మా, ఆ గుంటడు అబద్ధాలకోరు. పడవ పేల్చింది నాను. ఎండలో ఎట్టిందీ, పంపు కొట్టిందీ నానే. తనదే తప్పని ఎంత నున్నగా సెప్పేసినాడో సూసినావా? ఇయ్యాల నా కోసం అబద్ధమాడినోడు రేపు నీ కాడ ఆడడా? నీ బతుకు కదే ఇది!"

శిరీష నావైపు తిరిగింది. కళ్లలో నీళ్లు, మొహంలో నవ్వు.

"నా కాడ ఆడలేదు నాన్నా. నువ్వు చెప్పులేసుకోడానికెళ్లినప్పుడే మొత్తం చెప్పేసినాడు. మీ నాన్న తనంత తనే చెప్పేదాకా నువ్వడగొద్దు, పెద్దాయనకి చిన్నతనంగా ఉంటది అన్నాడు. నేనడగలేదు. మై చుప్ రహీ, బస్."

ఇంత అనుమానం మోసిన మనిషికి ఇక వెతకడానికి లీకు లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఘుట్కూ స్టేషన్ వెళ్లిపోయింది. పడవ సంగతి అడిగేవాళ్లకి నా తీర్పు ఇది: మంచి పడవ. ఇద్దరు మాట్లాడుకోగలిగితేనే ముందుకి పోతుంది. గుర్తు దాటి గాలి కొట్టకండి, ఎండలో ఉంచకండి, తెలిసినవాడు చెప్తే వినండి.

ఉస్లాపూర్‌లో బండి ఆగినప్పుడు శిరీష ఫోనందుకుని నరేందర్‌కి నేనే చేశాను.

"బాబూ, కొత్త పడవ నాను కొంటాను. వచ్చే ఆదివారం బోజనానికొచ్చేయ్, కలిసి సూద్దుం. గాలి మాత్రం నువ్వే కొట్టు."

"అట్లనే మామయ్యా" అన్నాడు.

మామయ్య అని పిలవమని నేనెప్పుడు చెప్పాను? చెప్పలేదు. అయినా దిద్దలేదు.