గ్రాసియాస్ అంటే అవుట్!

రేకుల కప్పు మీద మామిడికాయ దభీమని పడితే చాలు, ఒబ్దులియా టీచరు క్లాసులో తలలన్నీ పైకి లేచేవి. మధ్యాహ్నం బడి, పరాగ్వే ఎండ, కడుపు నిండా ఉడకబెట్టిన దుంపలు. ఇక లెక్కలెవరికి కావాలి? ఆవిడ పాటలు పాడింది, బతిమాలింది, బెదిరించింది. బళ్ళోకొచ్చిన నాటి నుంచీ ఎన్ని వేషాలు వేసినా, చివరికి మామిడికాయే గెలిచేది.

ఒకనాడు పెరట్లో చుట్టాలతో తెరెరె తాగుతుంటే బుర్ర వెలిగింది. చల్లటి ఆకునీళ్ళు పోసిన ఎద్దుకొమ్ము చేతులు మారుతుంటే, ఒక్కరి చూపూ పక్కకి పోదే! చాలనుకున్నవాళ్ళు థాంక్స్ చెప్పినట్టు "గ్రాసియాస్" అంటారు, ఇక కొమ్ము వాళ్ళ దగ్గరికి రాదు. అంతే, మర్నాడు ఖాళీ కొమ్మొకటి పట్టుకెళ్ళి పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టింది. కొమ్ము చేతికొస్తే ఎక్కం చెప్పాలి. గ్రాసియాస్ అన్నావా, ఆ రోజుకి అవుట్. ఛస్తే ఒక్కడూ అనలేదు! మామిడికాయలు వాటి మానాన అవి పడ్డాయి.

గోల మాత్రం ఊరికి వినబడింది. హెడ్‌మిస్ట్రెస్ నిమియా గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"ఏమిటమ్మా ఇది, బడా, పశువుల సంతా? రేపొచ్చి కూర్చుంటా. పద్ధతిగా లేకపోయిందో, నీ క్లాసు ఇంకొకరికిచ్చేస్తా. నువ్వు స్టోరు గదిలో సుద్దముక్కలు సర్దుకుందువుగాని."

మర్నాడు బడి మొదలవగానే ఒబ్దులియా చేతులు జోడించింది.

"నా బంగారాలు కదూ, పెద్ద టీచరు ముందు అల్లరి చెయ్యకండర్రా. ఎవరేమిచ్చినా మర్యాదగా గ్రాసియాస్ అనండి."

"సరే టీచర్!"

నిమియా వచ్చి పిల్లల మధ్యే కూర్చుంది. ఒబ్దులియా కొమ్ముని ఎల్వియో చేతిలో పెట్టింది. క్లాసులో వాడే చురుకు.

"ఏడెనిమిదులు?"

వాడు లేచి, వినయంగా వంగి, "గ్రాసియాస్, టీచర్" అన్నాడు.

పక్కనున్న మిర్నా అందుకుని "గ్రాసియాస్, టీచర్" అంది. ఆ పక్కవాడూ అంతే, వాడి పక్కదీ అంతే. అయ్యో, తను నేర్పిన మర్యాదే! చూస్తుండగానే క్లాసంతా అవుట్.

కొమ్ము నిమియా చేతికొచ్చింది. ఆవిడ లోపలికి తొంగిచూసింది.

"ఇందులో నీళ్ళేవే?"

మిర్నా నోరు ఆగలేదు. "నీళ్ళు కాదండీ, ఎక్కం! ఏడెనిమిదులు చెప్పండి. రాకపోతే గ్రాసియాస్ అనెయ్యండి."

"నేనెందుకంటానే? యాభై ఆరు!" నిమియా కొమ్ముని ఎల్వియో ఒళ్ళోకి తోసింది. "నువ్వు చెప్పరా, ఆరు తొమ్ములు!"

"యాభై నాలుగు! ఇందాకటి గ్రాసియాస్ వెనక్కి తీసుకుంటున్నా!"

"నేనూ!" "నేనూ తీసుకుంటున్నా!" అంటూ అందరూ లేచారు. పైన మామిడికాయ పడింది. తలెత్తింది ఒబ్దులియా ఒక్కతే.

నిమియా ఉన్నట్టుండి లేచి, కొమ్ముని చంకలో పెట్టుకుని చరచరా వెళ్ళిపోయింది.

"మిమ్మల్ని స్టోరు గదిలో పెట్టేస్తారా, టీచర్?" అంది మిర్నా.

ఒబ్దులియా కుర్చీలో కూలబడింది. అంతలో గోడ అవతల నుంచి, ఈ వేళకి గురక తప్ప ఏమీ వినబడని క్లాసులోంచి, నిమియా గొంతు ఖంగుమంది.

"వినండర్రా! కొమ్ము చేతికొచ్చాక గ్రాసియాస్ అన్నవాడు అవుట్!"

ఎల్వియో వచ్చి చెయ్యి లాగాడు.

"టీచర్, మన కొమ్ము పట్టుకుపోయారు. ఇప్పుడెలా?"

ఒబ్దులియా బల్ల మీది తన గ్లాసు తీసి, నీళ్ళు కిటికీలోంచి పారబోసి, వాడి చేతిలో పెట్టింది.