తొట్టిలో చేపలకి ఊపిరాడని రోజులు

దెయ్యాలంటే భయపడేవాళ్ళని చూసి నవ్వే రకాన్ని నేను. కెమిస్ట్రీ చదివాను. కాకినాడలో మా అమ్మ దిష్టి తీస్తానంటే కసురుకునేదాన్ని. ఇది చదివి మీరు నన్ను చూసి నవ్వినా ఏమీ అనుకోను.

గ్రేటర్ నోయిడా దాటాక ఒక చిన్న మునిసిపాలిటీ మురుగునీటి శుద్ధి కేంద్రంలో కెమిస్టుని. ఊరి మురుగంతా మా దగ్గరికొస్తుంది. దానికి గాలి కొట్టి, మడ్డి అడుక్కి దిగాక, పైన తేరిన నీళ్ళని నాలాలోకి వదులుతాం. కాస్త దిగువన ఆ నాలా గట్టు మీదే సునీతా దీదీ పాలకూర వేస్తుంది. మొగుడు లేడు. రెండు గేదెలుండేవి, ఒకటి పాలిచ్చేది, ఇంకోటి చూడిది. ఆ పాలతోనే ఇల్లు గడవాలి. గేదెలు తాగేది మేం వదిలే నీళ్ళే.

మా ఆఫీసు గుమ్మం పక్కన ఓ అద్దాల తొట్టి ఉంది. శుద్ధి చేసిన నీళ్ళు సన్న పైపులోంచి అందులో పడుతుంటాయి. తనిఖీకొచ్చిన పెద్దసార్లకి చూపించడానికి అందులో చేపలు పెంచుతాం. చేపలు బతికుంటే నీళ్ళు బాగున్నట్టే లెక్క.

అసలు భాగోతం వేరే ఉంది. కరెంటు పోయి, జనరేటర్‌లో డీజిల్ లేకపోతే, మా సూపర్‌వైజర్ పక్క గేటు ఎత్తించి పచ్చి మురుగు నేరుగా నాలాలోకి వదిలేస్తాడు. ఎత్తే ముందు మాత్రం తొట్టిలోకొచ్చే పైపు బిగించి మూయించి, చేపలకి ట్యాంకర్ నీళ్ళు పోయిస్తాడు. ఇదేంటని అడిగితే, "టెన్షన్ ఎందుకు మేడమ్, చేపలు బతికే ఉన్నాయిగా" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. పై ఆఫీసుకి రాశాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. కాంట్రాక్టు ఉద్యోగం, ఇంకేం చెయ్యను.

పోయిన వేసవిలో ఓ మధ్యాహ్నం అలాగే గేటు ఎత్తారు. కాసేపటికి తొట్టిలో చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి కొట్టుకోవడం మొదలెట్టాయి. పైపు కారుతోందేమో అనుకున్నాను. బిగించే ఉంది. నీళ్ళు పరీక్ష చేస్తే ఆక్సిజన్ శుభ్రంగా ఉంది. తాగే నీళ్ళ క్యాన్ బకెట్లో వంచి చేపల్ని అందులో వేశాను. అయినా అదే అవస్థ. గేటు దించి, నాలాలో నలుపంతా కొట్టుకుపోయాక గాని అవి అడుక్కి దిగలేదు.

తర్వాత గేటు ఎత్తినప్పుడల్లా అంతే. కొన్నాళ్ళకి ఎత్తకముందే మొదలెట్టేవి. అవి పైకి రాగానే దీదీకి ఫోన్ చేసి గేదెల్ని నాలాకి తోలొద్దని చెప్పేదాన్ని. నీకెలా తెలుస్తోందని అడిగితే చేపల సంగతి చెప్పాను. నవ్వలేదు మహాతల్లి.

ఈ జూన్‌లో ఓ రోజు చేపలు పైకొచ్చి ఎంతకీ దిగలేదు. కరెంటు ఉంది, గేటు మూసే ఉంది. వదిలే నీళ్ళు నేనే పరీక్ష చేశాను, వంక పెట్టడానికి లేదు. అయినా దీదీకి వద్దనే చెప్పాను. మర్నాడూ చేపలు పైనే. దీదీ వాళ్ళ బోరు నీళ్ళు ఒట్టి ఉప్పు, గేదెలు మూతి పెట్టవు. చేపలకి పోసే ట్యాంకర్ నీళ్ళు కాసిని ఆవిడకి పంపుదామంటే సూపర్‌వైజర్ నన్ను ఎగాదిగా చూశాడు. ఆ ఎండకి గేదెలు నాలుకలు బయటపెట్టేశాయిట. నీ పరీక్ష ఏమంటోందని దీదీ అడిగింది. బాగానే ఉందన్నాను, ఉన్నదే చెప్పాను. తోలుకెళ్ళింది.

సాయంత్రానికి పాలిచ్చే గేదె పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చేసరికే అయిపోయింది. నేను పరిగెత్తుకెళ్ళి నాలా నీళ్ళు పట్టుకొచ్చి మళ్ళీ పరీక్ష చేశాను. ఏమీ లేదు. తిరిగి చూస్తే చేపలు అడుగున హాయిగా తిరుగుతున్నాయి. ఆ తొట్టి ముందే కూర్చుని ఏడ్చాను.

వాటికి ఎలా తెలిసిందో, నా పరీక్షకి అందనిది ఏముందో ఈ రోజుకీ నాకు అంతుపట్టలేదు. వేరే ఎవరైనా చెప్పుంటే నేనే కొట్టిపారేసేదాన్ని.

ఇప్పుడు దీదీ రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తుంది. పరీక్ష సంగతి అడగదు. చేపలు పైనున్నాయా, కింద ఉన్నాయా అని అడుగుతుంది. ఇవాళ పైనే ఉన్నాయి. అదే చెప్పాను.  అవతల చూడి గేదె అరుస్తోంది.

"మరి దీనికి ఏం తాగించమంటావు బేటీ?" అంది.