లెక్కబెట్టనివ్వని నాడి

మార్కాపురం ఆసుపత్రిలో ఎముకలు అతికినవాళ్ల చేత కాళ్లూ చేతులూ ఆడించడం నా ఉద్యోగం. పందొమ్మిది వందల యాభైలు, కొత్త రాష్ట్రం వచ్చిన తొలి సంవత్సరాలు. మా జిల్లా ఇంకా కర్నూలే. ఆడించే ముందు నాడి, ఊపిరి, జ్వరం చూసి రాయాలి, నొప్పి ఎంతుందో అడగాలి. రోగి చెప్పే మాట నేను సగమే నమ్మేవాణ్ణి.

అర్ధవీడు నుంచి వచ్చిన ఆ గొర్రెలకాపరి విషయంలో ఆ సగమూ నమ్మలేదు. మోకాలి కింద ఎముక విరిగి, పిండికట్టు విప్పి వారమైంది. కాలు వంచుతుంటే పై పెదవి మీద చెమట పట్టేది. అడిగితే మాత్రం ఒకటే జవాబు.

"నొప్పేం లేదు నాయనా."

థర్మామీటరు పెడితే చంక వదులు చేసేవాడు. మణికట్టు పట్టుకుని పెదాలు కదిలిస్తూ లెక్కపెడితే చెయ్యి లాక్కునేవాడు. నొప్పి తెలీకుండా నల్లమందు మింగుతున్నాడేమోనని తలగడ కింద కూడా వెతికాను. పొగాకు కాడ తప్ప ఏమీ దొరకలేదు. నాకు ఒళ్లు మండేది. ఎముకలో చీము పడితే కాలు దక్కదు, ఈ మనిషేమో నాతో దాగుడుమూతలాడుతున్నాడు.

"నాడి లెక్కబెడితే నీ సొమ్మేం పోతాది మామా?" అన్నాను ఒకరోజు.

"మందనే లెక్కబెట్టం మేము. లెక్కబెడితే తరుగుతాది," అన్నాడు, నా గడియారం వంక పామును చూసినట్టు చూస్తూ.

మర్నాడు పెదాలు బిగించి, గడియారం ఒళ్లో పెట్టుకుని, ఊరికే పట్టుకున్నట్టు మణికట్టు పట్టుకున్నాను. "గొర్రెకు నొప్పైతే ఎట్ల తెలుస్తాది మామా?"

"అరవదు. మేత ముట్టదు. మంద ఎనకాల పడతాది."

మంచం కింద పళ్లెంలో రాగిసంగటి ఎండిపోయి ఉంది. నా వేళ్ల కింద నాడి నూట ఇరవై దాటింది.

"మరి నువ్వు నిన్నటి సంగటి ముట్టలేదేంది?"

ఆయన పళ్లెం వంక చూశాడు. "చెప్తే కర్నూలు పెద్దాసుపత్రికి పంపుతారు. ఆడ కాలు తీసేస్తారంట. కాలు లేనోని ఎనకాల గొర్రె నడుస్తాదా?"

"తీయరు," అన్నాను గబుక్కున.

ఈసారి ఆయనే నా మణికట్టు పట్టుకున్నాడు, గొర్రె తొడ పట్టి చూసే చేత్తో. లెక్కబెట్టలేదు. నా మొహమే చూశాడు.

"నీది గూడా పరుగెత్తుతాందే నాయనా."

సిగ్గేసింది. వారం రోజులుగా ఆయన్ని అబద్ధాలకోరని తిట్టుకున్నవాణ్ణి నేనే.

"తీస్తారో లేదో నాకు తెలీదు మామా. ఎముకలో చీము పడినట్టుంది, ఇక్కడే ఉంటే మాత్రం కాలు పోతాది," అన్నాను.

ఆయన నా చెయ్యి వదిలి కర్ర అందుకున్నాడు. "కర్నూలు బస్సు ఎన్ని గంటలకు?" అని అడిగాడు.