గడ్డిబండ్ల ఏడు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరికీ పుట్టిన తేదీలు ఉండేవి కావు. ఏళ్లకు అంకెలు కాదు, పేర్లు ఉండేవి. ఎవరి వయసు చెప్పాలన్నా ఏదో ఒక సంగతి జరిగిన ఏటి నుంచి లెక్కపెట్టేవాళ్లు. నేను గడ్డిబండ్లు వచ్చాక రెండో ఏడు పుట్టానని మా జేజి చెప్పేది. జేజి అంటే మా నాయన తల్లి. ఊళ్లో పురుళ్లన్నీ ఆమే పోసేది కాబట్టి ఆమె మాటకు తిరుగు లేదు.

మా ఊరు ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది. నేను పుట్టకముందు ఒక ఏడు వానలు లేక, మేత లేక, కొట్టాల్లో ఎద్దులు కూలబడిపోయాయట. అప్పుడు కాలువకు ఎగువనున్న పక్క ఊరివాళ్లు ఎవరూ అడగకుండానే వరిగడ్డి బండ్లు కట్టి పంపారు. మా అమ్మది ఆ ఊరే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అదే ఊరితో కాలువ నీళ్ల వంతు దగ్గర మావాళ్లకు కొట్లాట జరిగింది. మా నాయన భుజం విరిగింది. అవతలి పక్షాన ఉన్న మా మేనమామ తల పగిలింది. చివరికి తూము మావాళ్ల చేతికి వచ్చింది. ఆ రోజు నుంచి మా అమ్మ పుట్టింటికి పోలేదు, అక్కడి నుంచి ఎవరూ మా ఇంటికి రాలేదు.

మరుసటి ఏడు మా ఊరి మగవాళ్లు ఆ గెలుపు గుర్తుగా రెండూళ్ల దారులు కలిసేచోట రాయి నాటించి, ఏటేటా అక్కడ పండగ చేయాలని అనుకున్నారు. రాయి చెక్కడానికి ఆళ్లగడ్డ నుంచి ఆచారి వచ్చాడు.

ఆ సంగతి తెలిసి మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని, “ఆ రాయి నాటితే మా అన్న ఇంక ఈ దారి తొక్కడత్తా” అంది. జేజి చెరుగుతున్న జొన్నలు చెరగడం పూర్తి చేసి, చేట గోడకు ఆనించి, నా చెయ్యి పట్టుకుని చావిడి దగ్గరికి నడిచింది. ఆడవాళ్లు చావిడి ఎక్కేవాళ్లు కాదు. అందుకని మేమిద్దరం కిందనే నిలబడ్డాం.

“ఏం పెద్దమ్మా, ఇట్లొచ్చినావ్? ఇది మొగోళ్ల పని” అన్నాడు ఊరిపెద్ద.

“మీ పని మీరు చేసుకోండప్పా. నాకొక లెక్క తెగలేదు. నీ పెద్దోనికి ఎన్నేండ్లు?”

“గడ్డిబండ్లొచ్చిన ఏడే కదా పుట్టినాడు. నీ చేతుల్లోనే పడినాడు, తెలీదా నీకు?”

జేజి పక్కనున్న ఇద్దరిని కూడా అడిగింది. ఒకరి కూతురు గడ్డిబండ్లకు ముందేడు, ఇంకొకరి కొడుకు గడ్డిబండ్లొచ్చాక ఐదో ఏడు పుట్టారు. ఆమె మళ్లీ ఊరిపెద్ద వైపు తిరిగింది.

“మరి నీ చిన్నోడు?”

“గడ్డిబండ్లొచ్చినాక పదకొండో...” అంటూనే ఆయన ఆగిపోయాడు.

“కొట్లాటైన వారానికే కదా వాడు పుట్టింది! ఆ పేరు పెట్టి చెప్పవేందప్పా? అంత గొప్ప ఏడైతే ముందు నీ నోట్లో నిలబడాల. నోట్లో నిలబడంది రాయి మీద యాడ నిలబడ్తాది?”

చావిడి మీద ఎవరో పకపకా నవ్వి, “కట్టె పట్టకుండానే కొట్టిందిరా పెద్దమ్మ” అన్నారు. ఊరిపెద్ద నవ్వలేదు.

“అయితే మన దెబ్బలు ఉత్తవేనా? నీ కొడుకు భుజం ఊరికే పోయిందా?”

“ఊరికే పోలే. దినామూ నూనె రాస్తాండేది నేనే. మర్సిపొమ్మని చెప్తాండానా? పండగ చేయొద్దంటాండా.”

ఊరిపెద్ద లేచి, చావిడి పక్కన ఉలి నూరుకుంటున్న ఆచారి దగ్గరికి నడిచాడు. అంతమంది ముందు ఓడిపోవడం తేలిక కాదని నాకు పెద్దయ్యాక తెలిసింది. అందుకే జేజితో పాటు ఆయనా నాకు గొప్పగానే కనిపిస్తాడు. చివరికి ఆయనే, “బండి చెక్కు ఆచారీ” అన్నాడు.

“గడ్డి నిండుగా ఉండాల” అంది జేజి.

“కింద రాతలేం చెక్కమంటారు?” అని ఆచారి అడిగాడు.

“సదివేదెవురప్పా ఈడ? బొమ్మ చాలు.”

రాయి నాటిన రెండో రోజు మా మేనమామ వచ్చాడు. రాయి ముందు నిలబడి, దాన్ని చేత్తో తడిమి, “ఎద్దుకు కొమ్ములు పొట్టిగా చెక్కినాడే” అని మాత్రం అన్నాడు. తర్వాత నేరుగా మా ఇంటికి నడిచాడు. మా అమ్మ నీళ్ల చెంబుతో వీధిలోకి పరుగెత్తడం అదే మొదటిసారి చూశాను. సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయాయి.

పెళ్లయ్యాక నేను నంద్యాల వచ్చేశాను. యాభై దాటాక మనవరాలి పలక మీద అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు ఒక నోటుపుస్తకంలో నా ఏళ్లన్నీ పేర్లు పెట్టి రాసుకుంటున్నాను. ఒక ఏటి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఇన్నాళ్లూ దాన్ని ‘మా ఆయన పోయిన ఏడు’ అనే అనుకునేదాన్ని. జేజి గుర్తొచ్చింది. ఆయన పోయిన సంగతి రాయకపోయినా నేను మరిచిపోయేది కాదు. గాజుల బండి పెట్టుకునే పక్కింటి అక్క ఆయన పోయాక నలభై రోజులూ తన పొయ్యి మీద మాకూ వండి, గిన్నె కొంగుతో పట్టుకుని మా గడప ఎక్కేది. వంకర టింకర అక్షరాలతోనే రాశాను: ‘అక్క అన్నం తెచ్చిన ఏడు.’