నాగుల పంచమి నాడు నాగన్నకు మూత

రియాద్‌లో నాకు వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్ ఇంట్లో పనిచేస్తున్నాను. ఆయన కొడుకు పాము పిల్లను కొనుక్కొచ్చాడు. దానికి అద్దాల పెట్టె అమర్చే పని నా మీద పడింది. వెచ్చదనానికి ఓ మూల బల్బు, నీళ్ల గిన్నె, దాక్కోవడానికి కుండ పెంకు పెట్టాను. జాలీ మూత బిగించబోతుంటే జగిత్యాల నుంచి మా ఆవిడ వీడియో కాల్ చేసింది. పామును చూడగానే కొంగు తలమీదికి లాక్కుని దండం పెట్టింది.

"ఇయ్యాల నాగుల పంచమి! నేను పుట్టల పాలు వోసచ్చిన, నువ్వేమో నాగన్నకు మూత వెడ్తున్నవా? ఇడిచిపెట్టు."

"నేను దాన్ని ఇడిస్తే కఫీల్ నన్ను ఇడువడే!"

వినలేదు. సరే ఇడుస్తనని ఫోన్ పెట్టేసి, మూత బిగించి, పాముకు చేతులు జోడించాను. ఏం చేస్తున్నావని వెనక నుంచి కఫీల్ అడిగాడు. మూత గట్టిగా ఉందో లేదో చూస్తున్నానన్నాను.

పండుగ పూట రెండు అబద్ధాలు. మీరైతే ఏం చేసేవారో చెప్పండి. సాక్షి మాత్రం అద్దంలోంచి నన్నే చూస్తోంది.