బావ కాపలా కాసిన డ్రైవర్

మా బావకి తప్పులు పట్టడం వ్యసనం. మరదలిని కాబట్టి ఆటపట్టిస్తున్నాననుకోకండి, ఆయన ఏరికోరి నెత్తికెత్తుకున్న పనే అది. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టం ఒకటుంది. దాని గుండెకాయని కెర్నల్ అంటారు. ప్రింటర్లూ గట్రా కంప్యూటర్ మాట వినాలంటే అందులో డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఉండాలి. దాన్ని ఎవరైనా రాసి పంపొచ్చు. అలా వచ్చినవాటిని చదివి, వంకలు పెట్టి, తిప్పి పంపేది మా బావ. జీతం లేదు, భత్యం లేదు. ఆఫీసు నుంచి వచ్చి చొక్కా అయినా మార్చుకోకుండా భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరుస్తాడు. "పెళ్లికి ముందు నాలో ఒక్క వంకా కనబడలేదట ఈయనకి!" అని అక్క ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది.

మొన్నామధ్య ఎవరో అమ్మాయి చల్లగా ఒక మార్పు పంపింది. ధరల స్టిక్కర్లు కొట్టే పాత ప్రింటర్ ఒకదాని డ్రైవర్‌ని కెర్నల్ నుంచి తీసేద్దామని, దాన్నిప్పుడు ఎవరూ వాడటం లేదని. అది బావ కుర్రతనంలో రాసిన మొట్టమొదటి డ్రైవర్. దాని బాధ్యుడు కూడా ఆయనే కాబట్టి, తీసేయడానికి ఆయనే సరేననాలి.

బావ ముఖం మాడిపోయింది. వివరణ చాలలేదని తిప్పి పంపాడు. ఆ అమ్మాయి ఓపిగ్గా రెండు పేజీలు రాసింది. ఖాళీ లైను ఒకటి ఎక్కువైందన్నాడు. తీసేసింది. పైగా ప్రతిసారీ "ధన్యవాదాలండీ" అంటుంది. ఆ మర్యాదకి బావకి ఒళ్లు మండిపోయేది.

"వాడేవాళ్లు ఒక్కరున్నా డ్రైవర్‌ని తీయకూడదు. అది పద్ధతి," అన్నాడు చివరికి.

"ఎవరున్నారు బావా?" అన్నాను.

"ఏం, నేను లేనూ?"

ఆదివారం అటక మీంచి, ఆయన దాచుకున్న ఆ పాత ప్రింటర్ దింపాం. అక్క దుమ్ము దులుపుతూ తుమ్మింది, తుమ్ముతూ తిట్టింది. బావ దాన్ని ల్యాప్‌టాప్‌కి తగిలించి మీట నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. కేబుల్ మార్చాడు, లోపలికి ఊదాడు, నెత్తిన ఒకటి మొట్టాడు కూడా.

పాత మార్పులన్నీ తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. ఆరేళ్ల కిందట ఎవరో పంపిన మార్పు వల్ల ఆ డ్రైవర్ మూగబోయింది. ఆ మార్పుని చదివి, భేషుగ్గా ఉందని ఒప్పుకున్నది ఎవరయ్యా అంటే, మా బావే. ఆరేళ్లుగా అది చచ్చి పడుంటే ఒక్క ప్రాణి ఫిర్యాదు చేస్తే ఒట్టు. వాడుతున్నానన్న బావతో సహా.

నేను పడీపడీ నవ్వాను. అక్క మాత్రం నవ్వలేదు. మంచినీళ్లు తెచ్చిచ్చి ఆయన పక్కన కూర్చుంది.

బావ ఆ అమ్మాయి పంపినదాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఈసారి వంక కోసం కాదు. తర్వాత జవాబు కొట్టడం మొదలుపెట్టాడు. నేను వెనక నుంచుని చదివాను.

"మీరన్నది నిజం. ఈ డ్రైవర్ ఆరేళ్లుగా పనిచేయడం లేదు. దాన్ని చెడగొట్టిన మార్పుని ఒప్పుకున్నది నేనే. తీసేయండి. అయితే మీరొకటి మరిచిపోయారు. బాధ్యుల పట్టికలో దాని పక్కన నా పేరు అలాగే ఉంది."

"పాపం, మీ మీద గౌరవం కొద్దీ వదిలేసిందేమోనండీ. పేరేగా, ఉండనివ్వకూడదూ?" అంది అక్క.

"లేని డ్రైవర్‌కి నేను బాధ్యుణ్ణి ఎలా అవుతానే?" అన్నాడు బావ. నాకు చాలా బాధేసింది, నవ్వినందుకు సిగ్గూ వేసింది.

ఆయన కళ్లజోడు తుడుచుకుని, కింద ఇంకో లైను చేర్చాడు. "దాన్ని కూడా తీసేసి మళ్లీ పంపండి."